పాత ఇంట్లో గోడ చెమ్మ: సిమెంటు పూయిస్తే ఇంకా పైకి పాకుతోంది

గోదారిగట్టు
రాజోలు వైపు మా తాతగారు 1950ల్లో కట్టించిన పెంకుటిల్లు. మండువా ఉంది, గోడలు అడుగున్నర మందం, ఇటుకా, గానుగలో రుబ్బిన సున్నమూ. నాన్న పోయాక అమ్మ ఒక్కతే ఉంటోంది. నేను హైదరాబాదు నుంచి నెలకోసారి వెళ్ళి వస్తుంటాను.

గోడలకి చెమ్మ ఎప్పటినుంచో ఉంది కానీ మోకాలి ఎత్తు దాటేది కాదు. నాలుగేళ్ళ క్రితం పాత సున్నం పూత కొట్టేయించి, నాలుగడుగుల ఎత్తు దాకా సిమెంటు ప్లాస్టరింగ్ చేయించాను, వాటర్‌ప్రూఫ్ లిక్విడ్ కలిపించి మరీ. పైన మంచి ఎమల్షన్ వేయించాను. రెండేళ్ళు అద్దంలా ఉంది. ఇప్పుడు సిమెంటు ఆగిన గీతకి సరిగ్గా పైన, ఛాతీ ఎత్తున, చెమ్మ తేలింది. రంగు బొబ్బలు కట్టింది. వేలితో నొక్కితే పెచ్చు ఊడి లోపల నుంచి తెల్లటి పొడి రాలుతోంది. పడమటి గదిలో బీరువా వెనక నల్లగా బూజు పట్టింది. అమ్మకు రాత్రిళ్ళు దగ్గు.

ఒకళ్ళు వచ్చి చూసి, గోడకి వరసగా చిల్లులు పెట్టి కెమికల్ ఎక్కిస్తామన్నారు. లక్షా నలభై వేలు అడుగుతున్నారు. నిజంగా పోతుందంటే ఇచ్చేస్తాను. పోతుందా?

మూడోఅంతస్తు
టైల్స్ వేయించేయండి. నాలుగడుగులు కాదు, ఏడడుగుల దాకా. మా అత్తగారింట్లో అలాగే చేశారు, శుభ్రంగా ఉంది.

మేస్త్రీగారబ్బాయి
టైల్స్ వద్దండీ. నీరు ఎక్కడికీ పోదు, కనపడదంతే. ఏడడుగుల దాకా మూస్తే ఎనిమిదో అడుగులో తేలుతుంది. అక్కడ మీ దూలాల చివర్లు గోడలో కూర్చుని ఉంటాయి. టేకైనా సరే, చివర నానితే పుచ్చుతుంది. చెదలూ అక్కడికే వస్తాయి.

మా నాన్న నరసాపురం చుట్టుపక్కల నలభై ఏళ్ళు తాపీ పని చేశారు. సున్నం గోడకి సిమెంటు పూయమంటే వెనక్కి వచ్చేసేవారు. మీ గోడలో నీరు ఇదివరకు మోకాలి దగ్గరే సున్నం పూతలోంచి గాలికి ఆరిపోయేది. మీరు నాలుగడుగుల దాకా మూత పెట్టారు. మూత ఎక్కడ అయిపోయిందో అక్కడ బయటికొచ్చింది.

గోదారిగట్టు
అంటే చేతులారా నేనే చెడగొట్టుకున్నానన్నమాట. అప్పట్లో మా వీధిలో అందరూ అదే చేయించారండీ.

చూరుకింద
మీరొక్కరే కాదు. తెనాలిలో మా పుట్టింట్లోనూ ఇదే కథ. ఇదివరకు ఏటా సంక్రాంతికి వెల్ల వేసుకుంటే సరిపోయేది. సిమెంటు పూశాక రంగులకీ మేస్త్రీలకీ పెట్టిన డబ్బుతో ఒక గది కట్టేవాళ్ళం.

నల్లకుంట_నానీ
ఆ కెమికల్‌ని అందరూ అంత తీసిపారేయకండి. మా ఇల్లు 1980ల్లో కట్టింది, తొమ్మిదంగుళాల ఇటుక గోడ. ఆరేళ్ళ కింద చేయించినం. ఇప్పటిదాకా మళ్ళీ చెమ్మ రాలే. గిలాబు, అదే ప్లాస్టరింగ్, కూడా మళ్ళీ చేయించలే.

కంకర_ఇసుక
నానీ గారి మాట అబద్ధం కాదు, ఎందుకు పనిచేసిందో తర్వాత చెప్తాను. సివిల్ పనుల్లో ఇరవై రెండేళ్ళుగా ఉన్నాను, విజయవాడ. గోదారిగట్టు గారూ, ముందు ఆ అడ్వాన్సు ఇవ్వకండి. చెమ్మ అనేది జ్వరం లాంటిది. ఒకే ఇంట్లో మూడు గోడలకి మూడు కారణాలు ఉండొచ్చు. నేల నుంచి ఎక్కుతుంది, పైనుంచి దిగుతుంది, పక్క పైపు లోంచి వస్తుంది. ఇవేవీ లేకపోయినా గోడలో ఉప్పు ఉంటే గాలిలో తేమనే లాక్కుంటుంది. వచ్చినవాళ్ళు ఇంటి చుట్టూ తిరిగారా? పైకెక్కి పెంకులు చూశారా? హాల్లో గోడకి తేమ చూసే మీటరు ఆనించి రేటు చెప్పేశారా?

గోదారిగట్టు
మీటరే ఆనించారు. ఎర్ర లైటు వెలిగింది, బీప్ బీప్ అంది. అమ్మ భయపడిపోయింది.

కంకర_ఇసుక
ఆ పిన్నుల మీటరు అసలు చెక్కలో తేమ చూడటానికి తయారైంది. అది నీటిని కొలవదు, కరెంటు ఎంత సులువుగా పోతోందో కొలుస్తుంది. ఉప్పు పట్టిన గోడలో కాస్త తేమకే కరెంటు బాగా పోతుంది, కాబట్టి ఎర్ర లైటు వెలుగుతుంది. తడి ఎక్కువ ఎక్కడ, తక్కువ ఎక్కడ అని పోల్చుకోవడానికి పనికొస్తుంది. దాన్ని చూపించి లక్షన్నర అడగడానికి పనికిరాదు.

మీరు ఈసారి ఊరెళ్ళినప్పుడు ఒక పూట దీనికే కేటాయించండి. ముందు బయట తిరగండి. వీధి ఎత్తెంత, మీ గచ్చు ఎత్తెంత? గోడ పక్కన మట్టి గానీ సిమెంటు చప్టా గానీ గచ్చుకంటే పైకి ఉందా? చూరు నీళ్ళు ఎక్కడ పడుతున్నాయి, పడి ఎటు పోతున్నాయి? బాత్రూము, వంటింటి తూము, సెప్టిక్ ట్యాంకు ఏ గోడకి ఆనుకుని ఉన్నాయి? తర్వాత లోపలికి వచ్చి ప్రతి గోడ మీదా తడి ఎంతవరకు ఉందో పెన్సిలుతో గీత గీసి తేదీ వేయండి. నెల తర్వాత గీత దాటిందా తగ్గిందా తెలుస్తుంది.

ఇంకొకటి, ఖర్చు లేని పరీక్ష. గట్టిగా ఉన్న చోట చూసుకుని, అడుగు పొడవు అడుగు వెడల్పు పారదర్శక ప్లాస్టిక్ కాగితాన్ని నాలుగు అంచులా టేపు వేసి గాలి దూరకుండా అంటించండి. రెండు రోజులు ఉంచండి. నీటి బొట్లు గోడవైపు ఉంటే తడి గోడలోంచి వస్తోంది. గదివైపు ఉంటే గాలిలోది.

సీమమిద్దె
తెల్ల పొడి అంటున్నారు, అది చవుడే కదా? మా కర్నూలు వైపు మట్టి మిద్దెలకి చవుడు మట్టి కావాలని తెచ్చి పైన పరుస్తాం. వానలకి ముందు ఏటా ఒక పొర వేస్తే చుక్క దిగదు. మా అవ్వ మిద్దె మీద మమ్మల్ని ఆడుకోనిచ్చేది కాదు, చవుడు చెదురుతుందని.

మేస్త్రీగారబ్బాయి
మీ దగ్గర ఇంటిని కాపాడేది మా దగ్గర ఇంటిని తినేస్తుంది సీమమిద్దె గారూ. మా వైపు "గోడ చవుడెక్కింది" అంటే ఇటుక పొడైపోతోందని అర్థం.

కంకర_ఇసుక
ఇద్దరూ చెప్పేది నిజమే. చవుడు మట్టిలో సోడియం ఎక్కువ. తడవగానే అందులోని బంకమట్టి విడిపోయి సందులన్నీ పూడ్చేస్తుంది, అందుకే మిద్దె కారదు. గోడలో జరిగేది వేరు. నేలలో కరిగిన లవణాలు నీటితో పాటు పైకి వస్తాయి. నీరు ఆరిపోతుంది, ఉప్పు మిగిలి గడ్డకడుతుంది. గడ్డకట్టేటప్పుడు ఉబ్బి పూతను లోపల నుంచి నెడుతుంది. ఆ బొబ్బలు అవే.

ఉప్పుగాలి
భీమిలి నుంచి రాస్తున్నాను. మాకు వాన లేకపోయినా ఉక్కపోత రోజున గోడ చెమర్చేది, జనవరిలో పొడిగాలి తగిలితే ఆరిపోయేది. పైపులు మార్చాం, పెంకులు సర్దాం, ఏం లాభం లేదు. చివరికి తేలిందేమిటంటే కట్టినప్పుడు సముద్రపు ఇసుక వాడారు. గోడ నిండా ఉప్పే. గోదారిగట్టు గారూ, మీ ఇల్లు కట్టిన ఇసుక ఏటిదా, సముద్రందా అమ్మగారిని అడగండి.

గోదారిగట్టు
అమ్మని అడిగాను. వశిష్ఠ పాయలోంచి పడవల మీద తెచ్చారట. ఆ ఇసుక దింపిన కూలీలకి మా నాయనమ్మ అంబలి పోసేదని దాంతో పాటు ఒక గంట కబుర్లు చెప్పింది. సముద్రపు ఇసుక కాదు.

చూరుకింద
ఆ కబుర్లు రికార్డు చేసి పెట్టుకోండి. ఇల్లు ఎలా కట్టారో కాగితం మీద ఎక్కడా దొరకదు.

గోదారిగట్టు
మూడు రోజులు సెలవు పెట్టి వెళ్ళొచ్చాను. కంకర_ఇసుక గారు చెప్పినట్టే చేశాను. పెద్దదే అయింది, ఓపికగా చదవండి.

వీధి: నా చిన్నప్పుడు వీధిలోంచి అరుగు మీదికి మూడు మెట్లు ఉండేవి. మూడో మెట్టు మీద కూర్చుని చెప్పులు విప్పేవాళ్ళం. ఇప్పుడు ఒకటే మెట్టు ఉంది, అదీ సగం. పాత రోడ్డు తవ్వకుండా దానిమీదే సిమెంటు రోడ్డు, దానిమీద ఇంకోటి వేసుకుంటూ పోయారు. వాటర్ లెవల్ పైపుతో చూస్తే మా హాలు గచ్చు రోడ్డు కంటే నాలుగంగుళాలే ఎత్తుంది. వాన పడితే వీధి నీళ్ళు అరుగు పక్కకే వస్తున్నాయి. తూర్పు గోడకి ఆ పక్కనే చెమ్మ.

చప్టా: నాన్న ఇంటి చుట్టూ మూడడుగుల వెడల్పున సిమెంటు చప్టా వేయించారు. బయటి అంచున మట్టి పోసి పోసి ఎత్తు పెరిగి, చప్టా కాస్తా ఇంటివైపు వాలిపోయింది. బకెట్టు నీళ్ళు పోస్తే నేరుగా గోడ దగ్గరికి వెళ్ళాయి. నా కళ్ళతో చూశాను.

ఉత్తరం గోడ: ఇక్కడ కింద పొడిగానే ఉంది! తడి పైనుంచి చారలా దిగుతోంది. నిచ్చెన వేసుకుని చూస్తే చూరు దగ్గర రెండు పెంకులు పగిలి ఉన్నాయి. కొబ్బరి చెట్టు ఇంటి మీదికి వంగింది, కాయ పడింది.

పడమటి గది, బూజు పట్టింది: ప్లాస్టిక్ కాగితం అంటిస్తే ఒక్క రాత్రికే గోడవైపు బొట్లు కారిపోయాయి. అవతల పక్క పదిహేనేళ్ళ క్రితం కట్టించిన బాత్రూము ఉంది.

కంకర_ఇసుక
చాలా బాగా చూశారు. ఆ లక్షా నలభై వేల కెమికల్ పగిలిన పెంకుని అతికించగలదా, బాత్రూము పైపుని ఆపగలదా? బాత్రూము సంగతి తేలాలంటే రాత్రి పడుకునే ముందు కుళాయిలన్నీ కట్టి, ట్యాంకులో నీటి మట్టం దగ్గర గీత గీయించండి. మోటారు వేయొద్దు. పొద్దున్నే ఎవరూ నీళ్ళు వాడకముందు చూడాలి.

గోదారిగట్టు
పక్కింటి అబ్బాయి ఎక్కి బొగ్గుతో గీత గీశాడు. పొద్దుటికి బెత్తెడు దిగింది.

మేస్త్రీగారబ్బాయి
బెత్తెడా! ఆ పైపు మీ గోడలోనే కారుతోంది.

చూరుకింద
గోడలో తడి ఉన్నచోట స్విచ్చు బోర్డులున్నాయా? ముందు అది చూడండి. మా ఇంట్లో ఫ్యాను స్విచ్చు వేస్తే జివ్వుమనేది, అమ్మ చెప్పులేసుకుని వేసేది. ఎలక్ట్రీషియన్ వచ్చి తిట్టాడు.

గోదారిగట్టు
పడమటి గదిలో ఒకటి ఉంది. ఆ గది కరెంటు ఆపించేశాను. అమ్మ మంచం హాల్లోకి మార్చాను.

నల్లకుంట_నానీ
మరి తూర్పు గోడ సంగతి? అది కింద నుంచే ఎక్కుతుంది కదా. దానికైనా కెమికల్ పెట్టొచ్చు.

కంకర_ఇసుక
అడిగారు కాబట్టి చెప్తాను. ఆ పద్ధతిలో గోడ అడుగున దాదాపు అయిదంగుళాలకొక చిల్లు పెట్టి సిలేన్ రకం క్రీము ఎక్కిస్తారు. అది ఇటుకల మధ్య వరస వెంబడి పాకి, నీటిని అంటనివ్వని పట్టీలా ఏర్పడాలి. మీ తొమ్మిదంగుళాల గోడలో వరసలు తిన్నగా ఉంటాయి, క్రీము అవతలి ముఖం దాకా చేరుతుంది. కాబట్టి పనిచేసింది. అడుగున్నర గోడలో, అందులోనూ మధ్యలో ముక్క ఇటుకా సున్నమూ పోసి నింపిన గోడలో, అది ఎక్కడికి పోయిందో ఎవరూ చెప్పలేరు. ఒక్క చోట ఖాళీ మిగిలినా నీరు అక్కడినుంచి ఎక్కుతుంది. పైగా బయట మట్టి ఆ పట్టీ కంటే ఎత్తుగా ఉంటే పెట్టి ప్రయోజనం లేదు.

ప్రవాసి_పెరడు
ఆ చివరి మాట నాకు బాగా తెలుసు. ఇంగ్లండులో ఉంటున్నాను, మా ఇల్లు విక్టోరియా రాణి కాలంది. అప్పట్లోనే గోడ అడుగున స్లేటు పలకల వరస వేశారు, చెమ్మ ఎక్కకుండా. నాకు ముందున్నవాళ్ళు పెరట్లో పూలమొక్కల కోసం మట్టి పోసి ఆ పలకల్ని పూడ్చేశారు. ఇక్కడా ఒకతను మీటరు ఆనించి కెమికల్ అన్నాడు. నేను పార పట్టుకుని జానెడు మట్టి తవ్వేశాను. ఏడాదిలో గోడ ఆరింది.

నల్లకుంట_నానీ
సరే, ఒప్పుకున్న. మా గోడకి పనిచేసింది మీ గోడకి పనిచేయాలని లేదు.

మూడోఅంతస్తు
ఇంత తిప్పలు దేనికి? పడగొట్టి రెండు గదుల డాబా కట్టుకుంటే అమ్మగారికి హాయి కదా. తప్పుగా అనుకోకండి.

గోదారిగట్టు
తప్పుగా ఏమీ అనుకోలేదు, మా బావ కూడా అదే అంటాడు. అమ్మని అడిగితే మండువాలో వాన పడటం చూడకుండా తను ఉండలేనంది. ఇంక ఆ మాట ఎత్తను.

మేస్త్రీగారబ్బాయి
నూతిలో నీళ్ళు ఎంత లోతులో ఉన్నాయో చూశారా? మన గోదారి లంకల్లో అది చూడకుండా ఏ పనీ మొదలుపెట్టకూడదు.

గోదారిగట్టు
ఇప్పుడు చేద తాడు నాలుగడుగులు దిగితే నీళ్ళే. వేసవిలో కాలువలకి నీళ్ళు ఆపేశాక పది పదకొండు అడుగులు దిగాలంటుంది అమ్మ. కాలువలు వదలగానే మళ్ళీ పైకొస్తాయట, వాన పడకపోయినా.

కంకర_ఇసుక
ఇది చాలా ముఖ్యం. ధవళేశ్వరం ఆనకట్ట నుంచి కాలువలకి నీళ్ళు వదిలారంటే మీ పునాది అడుగు తడిలోనే ఉంటుంది. దాన్ని మీరూ ఆపలేరు, నేనూ ఆపలేను. చుట్టూ కంకర కాలువ తవ్వి నీరు లాగేద్దామంటే, లాగిన నీరు పోవడానికి ఇంకా పల్లం ఎక్కడుంది? కాబట్టి చెమ్మ పూర్తిగా పోతుందని మీకు ఆశ పెట్టను. మోకాలి ఎత్తులోపే ఆరిపోయేలా, మీ తాతగారి కాలంలో ఉన్నట్టు చేసుకోవచ్చు.

చేయాల్సిన వరస ఇది: ముందు పైపు, పెంకులు. తర్వాత గోడని ఆనుకుని ఉన్న చప్టా కనీసం రెండడుగుల వెడల్పున పగలగొట్టించి, మట్టి గచ్చుకంటే జానెడు కిందికి దించి, వాలు బయటికి పెట్టండి. పునాది పక్కన తవ్వేటప్పుడు ఒకేసారి పొడుగునా తవ్వకండి, నాలుగైదు అడుగుల ముక్కలుగా తవ్వి సర్దుకుంటూ పోవాలి. పాత గోడలు ఒక్కసారిగా ఆనిక పోతే బీటలిస్తాయి. వీధి వైపు చిన్న గట్టు కట్టి నీరు పక్క డ్రెయినుకి మళ్ళించండి. సిమెంటు పూత తీయడం కార్తీకం దాటాక, తుపాన్లు తగ్గాక. పూత తీశాక వెంటనే ఏమీ పూయకండి.

గోదారిగట్టు
ఎన్నాళ్ళు ఆగాలి?

కంకర_ఇసుక
అంగుళం మందానికి నెల అని పాత లెక్క. మీది అడుగున్నర గోడ, రెండు పక్కలా ఆరుతుంది కాబట్టి లెక్క ప్రకారం తొమ్మిది నెలలు. అంత ఆగలేరు, తెలుసు. కనీసం డిసెంబరు నుంచి మార్చి ఆఖరు దాకా ఉంచండి.

చూరుకింద
నాలుగు నెలలు ఇటుకలు కనపడుతూ ఉండటమా? ఆడవాళ్ళం, ఇంటికి ఎవరైనా వస్తే ఏం చెప్పుకోవాలి!

గోదారిగట్టు
అమ్మ సరిగ్గా ఇదే అంది.

గోదారిగట్టు
డిసెంబరు నెలాఖరు. పైపు మార్చాం. కీలు దగ్గర వెంట్రుక లాంటి పగులు ఉంది, అంతే, అదే గోడని అంత నాననిచ్చింది. పెంకులు మార్చాం. కొబ్బరి చెట్టు కొట్టడానికి అమ్మ ఒప్పుకోలేదు కాబట్టి నెలనెలా కాయలు దింపించేస్తున్నాం. చప్టా పగలగొట్టించాం.

సిమెంటు పూత తీసేటప్పుడు దగ్గరుండి చూశాను. మేస్త్రీ సుత్తితో తట్టుకుంటూ వెళ్ళాడు, ముప్పాతిక వంతు డొల్లగా మోగింది. ఒక చోట ఉలి పెట్టి లేపితే చాప చుట్టినట్టు మొత్తం పలక ఊడొచ్చింది. వెనక ఇటుక ముఖం మెత్తగా ఉంది, గోటితో గీస్తే ఎర్రటి పొడి రాలింది. సిమెంటు పలక లోపలి వైపు పత్తి అంటించినట్టు తెల్లటి ఉప్పు. అమ్మ ఒకసారి చెయ్యి పెట్టి చూసి "ఇంత తడి లోపల పెట్టుకుని పడుకున్నానా" అంది.

మేస్త్రీగారబ్బాయి
చదువుతుంటే నాకే బాధేస్తోంది. పొడి పొడిగా ఉన్న ఉప్పుని మెత్తటి బ్రష్షుతో దులిపి, చేటలోకి ఎత్తి బయట పారేయండి. నీళ్ళు పోసి కడగొద్దు, కరిగి మళ్ళీ లోపలికే పోతుంది. రాలిన చెత్త గోడ మొదట్లో వదిలేయొద్దు.

ఉప్పుగాలి
బాగా ఉప్పున్న చోట నేను చేసింది చెప్తాను. పాత న్యూస్ పేపర్లు నీళ్ళలో నానబెట్టి ముద్ద చేసి, అరంగుళం మందాన గోడకి అద్దాను. ఆరిపోయాక అదే ఊడి వస్తుంది, ఉప్పుని తనలోకి లాక్కుని. మూడుసార్లు చేశాను. మూడోసారికి పొడి రాలడం బాగా తగ్గింది. వీపు విరుగుతుంది కానీ ఖర్చు లేదు.

చూరుకింద
బూజు ఉన్న గదిలో మాత్రం పొడిగా దులపకండి. మాస్కు కట్టుకుని తడి గుడ్డతో తుడిచి, ఆ గుడ్డ పారేయాలి. అమ్మగారిని ఆ పూట బయట కూర్చోబెట్టండి.

గోదారిగట్టు
ఇప్పుడు సున్నం సంగతి. గానుగ ఎక్కడా లేదు. బజారులో దొరికే వెల్ల సున్నం సంచి వాడొచ్చా?

మేస్త్రీగారబ్బాయి
ఎన్నాళ్ళ నుంచి సంచిలో పడి ఉందో తెలియని పొడి పూతకి పనికిరాదు. గాలి తగిలి చచ్చిపోయి ఉంటుంది. పిడుగురాళ్ళ నుంచి రాయి సున్నం గడ్డలు తెప్పించండి. గుంతలో నీళ్ళు పోసి గడ్డలు వేస్తే కుతకుత ఉడుకుతుంది. పిల్లల్ని దగ్గరికి రానివ్వద్దు, కళ్ళకి అద్దాలు పెట్టుకోకుండా ఎవరూ కలపొద్దు. కంట్లో పడితే చూపు పోతుంది. ఉడికాక జల్లించి, పైన నీళ్ళు నిలిచేలా నెల రోజులు నానబెట్టండి. వెన్నలా అవుతుంది.

ఒక వంతు సున్నం, రెండు వంతుల ఏటి ఇసుక, అర వంతు ఇటుక పొడి. ఇటుక పొడి బాగా కాలిన ఇటుకది కావాలి. గానుగ లేకపోతే ఈ రోజుల్లో మిక్సరులో తిప్పుతున్నారు. నాన్నయితే కాళ్ళతో తొక్కించేవారు. అరంగుళం లోపు పొరగా పూసి, అది బిగిశాక రెండోది. ఎండ తగలకుండా గోనె పట్టా కట్టి, రోజూ నీళ్ళు చిలకరించి వారం పది రోజులు చూసుకోవాలి. కరక్కాయ నీళ్ళూ బెల్లం నీళ్ళూ కలిపితే ఇంకా గట్టిపడుతుంది.

కంకర_ఇసుక
చివరి ముక్కలో నాది వేరే అభిప్రాయం. కరక్కాయ, బెల్లం పాతకాలం పనివాళ్ళు వాడారు, పాళ్ళు వాళ్ళకి చేతివాటం. మనం ఉజ్జాయింపుగా వేస్తే, అసలే బూజు పట్టిన గదిలో బెల్లం పెట్టినట్టవుతుంది. ఇసుక, సున్నం, ఇటుక పొడి చాలు.

మేస్త్రీగారబ్బాయి
నాన్న వేసిన గోడలు ఇప్పటికీ నిలబడ్డాయి సార్. కానీ పాళ్ళు ఆయనకే తెలుసు, నాకు తెలియదు. ఆ పడమటి గదికి వద్దులెండి. ఒక్క మాట అయితే గట్టిగా చెప్తాను: త్వరగా బిగుస్తుందని మేస్త్రీ గుప్పెడు సిమెంటు కలుపుతానంటాడు. ఒప్పుకోకండి.

చూరుకింద
పైన వెల్ల మాత్రమే వేయాలి కదా? మా వైపు వెల్లలో ఉప్పు కలుపుతారు, చేతికి అంటదని.

కంకర_ఇసుక
వెల్ల మాత్రమే. తుమ్మ జిగురు కలుపుకోండి, ఉప్పు మాత్రం వద్దు. ఇన్నాళ్ళూ గోడలోంచి ఉప్పు తీయడానికే కదా కష్టపడ్డారు. ప్లాస్టిక్ ఎమల్షన్ వేస్తే మళ్ళీ మొదటికొస్తారు.

గోదారిగట్టు
ఏప్రిల్. పూత అయింది. మా మేస్త్రీకి సున్నం పని కొత్త. మొదటి రోజు పూసిన గజం మేర సన్నటి పగుళ్ళు ఇచ్చింది, ఎండ తగిలి తొందరగా ఆరిపోయింది. అది తీసేసి మళ్ళీ చేశాం. రెండో వారానికి అతనికే సరదా పుట్టింది, వాళ్ళ నాన్న దగ్గర చిన్నప్పుడు చూసిన చెక్క తాపీ వెతికి తెచ్చాడు. కూలీ, సున్నం, పైపు, పెంకులు, చప్టా అన్నీ కలిపి తొంభై ఆరు వేలయ్యింది.

నల్లకుంట_నానీ
కెమికల్ రేటు కంటే తక్కువలోనే అయిపోయింది కదా. సంతోషం.

గోదారిగట్టు
ఆగస్టు. కాలువలు వదిలి రెండు నెలలు దాటింది, వానలూ బాగానే పడ్డాయి. అందుకే ఇన్నాళ్ళు ఆగి రాస్తున్నాను. నిరుడు పెన్సిలుతో గీసిన గీత నాలుగున్నర అడుగుల మీద ఉంది, దాన్ని గుర్తుగా అలాగే ఉంచుకున్నాం. ఇప్పుడు తూర్పు గోడకి జానెడు ఎత్తు దాకా రంగు మారింది. ముట్టుకుంటే చల్లగా ఉంది కానీ తడి అంటడం లేదు. గోడ మొదట్లో వెల్ల అక్కడక్కడా పొట్టు లేచింది. ఉత్తరం గోడ పూర్తిగా పొడి. పడమటి గదిలో బూజు మళ్ళీ రాలేదు, బీరువాని గోడకి జానెడు ఎడంగా జరిపాం. అమ్మకి దగ్గు తగ్గింది. చలికాలం కూడా చూసి గానీ నేను గట్టిగా చెప్పను.

అమ్మ కుంచె పట్టుకుని ఆ పొట్టు లేచిన చోట తనే వెల్ల వేసుకుంటోంది. "ఇది ఎప్పుడూ ఉండే పనే, మీ నాయనమ్మ కూడా దసరాకీ సంక్రాంతికీ వేసేది" అంటోంది.

మేస్త్రీగారబ్బాయి
జానెడు అంటే గోడ తన పని తాను చేసుకుంటోంది. ఈ పోస్టు నాన్నకి చదివి వినిపించాను. ఆ చెక్క తాపీ దొరికిన మేస్త్రీ ఏ ఊరివాడో కనుక్కోమన్నారు.

మూడోఅంతస్తు
నిరుడు టైల్స్ వేయించమన్నది నేనే. మొన్న మా అత్తగారింట్లో ఒక టైలు కదులుతుంటే తీయించాను. వెనక ఇసుక చేత్తో తీస్తే ముద్దలా వచ్చింది, ఏడో అడుగు పైన చెమ్మ గీత కూడా కనపడుతోంది. ఇంతకుముందు చూసుకోలేదు. ఎక్కడ మొదలుపెట్టమంటారు?

కంకర_ఇసుక
ఇంకా ఏ టైలూ తీయకండి. బకెట్టు నీళ్ళు తీసుకుని ముందు ఇంటి చుట్టూ తిరగండి. రోడ్డుకీ గడపకీ తేడా ఎంతుందో కొలిచి ఇక్కడ రాయండి.